గడ్డిలో మిగిలిన మందు – పుట్టగొడుగుల పెంపకం
(సంఘ సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సంఘాలకు వెళ్ళినప్పుడు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి కలదు. "ఆవు నిక్షేపంగా తింటున్న గడ్డిమీద పుట్టగొడుగు ఎందుకు మొలవలేదు సార్?"

పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. వరిలో అగ్గితెగులుకు ట్రైసైక్లజోల్, పొడతెగులుకు హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ చల్లుతున్నాము. ఇవి శిలీంధ్రాలను అణచే మందులు. మాంకోజెబ్ వంటిది ఆకుపైనే ఉండి వానకూ ఎండకూ కొంత తగ్గుతుంది. హెక్సాకొనజోల్ వంటిది మొక్కలోనికి ఇంకుతుంది. కోతకు దగ్గరగా చల్లితే గడ్డిలో మిగిలే అవకాశం ఎక్కువ. అట్టి గడ్డిని కడిగినా, వేడినీళ్ళలో ఉంచినా మందు పూర్తిగా పోతుందని నమ్మరాదు.

ఇందులో ఒక వింత ఉన్నది. ముత్యపుచిప్ప పుట్టగొడుగు పెంచేవారు గడ్డిని నానబెట్టే 100 లీటర్ల నీటిలో తామే 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలుపుతారు. ఆ కొద్దిపాటి కార్బెండజిమ్‌కు ఆకుపచ్చ బూజు అణగుతుంది, ముత్యపుచిప్ప తట్టుకుంటుంది. అంతమాత్రాన ఏ తెగులు మందైనా ఫరవాలేదని అనుకోరాదు. కార్బెండజిమ్ సంగతి వేరు, హెక్సాకొనజోల్ సంగతి వేరు.

అయితే సంచి చెడిన ప్రతిసారీ మందునే నిందించడం మాకు సమ్మతం కాదు. పాత విత్తనం, పిండినా కారే తడి, గదిలో వేడి కూడా కారణాలే. తేల్చుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఉన్నది. అనుమానపు గడ్డితో రెండు సంచులు, మందు చల్లని చేను గడ్డితో రెండు సంచులు కట్టండి. విత్తనం, గది ఒకటే ఉండాలి. పది పదిహేను రోజులు చూడండి. తెల్లని బూజుపోగులు ఒక జతలో చక్కగా పాకి, రెండవ జతలో ఆగిపోతే గడ్డినే అనుమానించాలి. నాలుగు సంచులు చూడకుండా నలభై సంచులకు అప్పు చేయవద్దు.

ఇక మన పాడికి సంబంధించిన మాట. పంట ముగిసిన సంచిలోని గడ్డిని కొందరు గాటిలో వేస్తారు. కార్బెండజిమ్, ఫార్మలిన్‌లలో నానిన గడ్డిని పశువుకు పెట్టవద్దు, ఎరువుగుంటలో వేయండి. ఆకుపచ్చ, నల్ల బూజు పట్టినది అసలే పనికిరాదు. కొన్ని బూజులు మేతలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది పాలలోనికి వేరొక రూపంలో, ఎం1గా దిగుతుంది. పాలలో దానికి అనుమతించిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము మాత్రమే. కాచినా అది పోదు.

గడ్డి కొనేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. ఏ మందు కొట్టారు, కోతకు ఎన్నాళ్ళ ముందు కొట్టారు అని కూడా అడిగి, ఆ వామిని వేరుగా వేయించండి.