జేబులో చాకు: ఎలాంటిది కొనాలి, దేనికి వాడాలి

(మండల శిక్షణా తరగతి రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మద్దతు ధర మీద, ఆ తర్వాత కౌలు రైతుల గుర్తింపు మీద మాట్లాడుకున్నాం. భోజనమయ్యాక కండ్లు మూతలు పడే వేళ కాబట్టి మా గ్రామ కమిటీ వాళ్లను జేబు చాకు గురించి చెప్పమన్నారు. కాగితం మీద ఈ అంశం చూసి కొందరు నవ్వారు. నవ్వండి, పరవాలేదు. కానీ ఇప్పుడు జేబులు తడుముకోమంటే ఇక్కడి మగవాళ్లలో సగం మందికి చాకు తగులుతుంది. యూరియా బస్తా కుట్టు విప్పాలన్నా, డ్రిప్ లేటరల్ ముక్క కోయాలన్నా, సుతిలి తెంపాలన్నా, సద్దిలోకి ఉల్లిగడ్డ కోసుకోవాలన్నా అదే. రోజూ వాడే ఈ పనిముట్టును మాత్రం జాతరలో కంటికి నచ్చింది కొనుక్కొచ్చుకుంటాం. నాగలి కర్రును అట్లా కొంటామా?

చాకు ఎందుకు అవసరమో ముందు చెప్పుకుందాం. ఎట్లాంటిది కొనాలనేది దాన్నిబట్టే తేలుతుంది.

పత్తి సంగతి తీసుకోండి. మన నల్లగొండ జిల్లాలో పత్తి వేయని ఊరు తక్కువ. బీటీ రెండో రకం 2006లో వచ్చింది. గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడిపోయి ఇప్పుడు మళ్లీ కాయ తింటోంది. ఈ పురుగుతో చిక్కేమిటంటే, పిల్లగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, దూరిన రంధ్రం పూడుకుపోతుంది. పైనుంచి చూస్తే కాయ పచ్చగా, నున్నగా ఉంటుంది. మనం దుకాణానికి పోయి "చేనెట్లుందో అర్థమైతలేదు" అంటాం. అతను చేను చూడకుండానే రెండు డబ్బాలు చేతిలో పెడతాడు. కొట్టినా ఖర్చే, కొట్టకపోతే భయమే.

శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి ఇది. ఎకరాకు 20 మొక్కలు అక్కడక్కడా ఎంచుకుని, మొక్కకొకటి చొప్పున 20 పచ్చి కాయలు తెంపాలి. ఒక్కొక్కటీ చాకుతో చీల్చి లోపల చూడాలి. ఇరవైలో రెండు కాయల్లో పురుగు కనిపిస్తే, అంటే పదో వంతు, అప్పుడు మందు గురించి ఆలోచించాలి. దాంతోపాటు గుడ్డి పూలు పదో వంతుకు వచ్చాయా, లింగాకర్షక బుట్టలో మూడు రాత్రులు వరుసగా ఎనిమిదేసి రెక్కల పురుగులు పడ్డాయా అనేది కూడా చూసుకోవాలి. ఇవేవీ లేకుంటే డబ్బా కొనాల్సిన పని లేదు. అరగంట పని, ఇరవై కాయల నష్టం. మందు కొట్టాలా వద్దా అనేది దుకాణంలో తేలకుండా మన గట్టు మీద తేలుతుంది. వరిలోనూ అంతే. ఎండిన మొవ్వు లాగితే చేతికి ఊడొస్తుంది. ఆ పిలకను మొదట్లో నిలువుగా చీల్చి చూస్తే కాండం తొలిచే పురుగు ఉందో లేదో కనబడుతుంది.

ఒక జాగ్రత్త. కాయను అరచేతిలో పెట్టుకుని కోయొద్దు. మన దగ్గర గాయాలు ఎక్కువ అయ్యేది అక్కడే. రాయి మీదో చెక్క మీదో పెట్టి కోయండి.

రెండోది విత్తనం ప్యాకెట్. ఇది సంఘానికి సంబంధించిన విషయం, కొంచెం చెవి పెట్టండి. వానొచ్చిందని తొందరలో ప్యాకెట్ పైభాగాన్ని పండ్లతో పట్టి చింపేస్తాం. లాట్ నంబరు, గడువు తేదీ, కంపెనీ పేరు ఉన్న ముక్క గాలికి పోతుంది. రెండు వారాలకు మొలక సరిగా రాలేదని సంఘం ఆఫీసుకు వస్తారు. "ప్యాకెట్ ఏదన్నా?" అంటే నేల చూపులు చూస్తారు. కాబట్టి చాకుతో కింది అంచు దగ్గర, అచ్చు లేని చోట సన్నగా కోయండి. ఖాళీ ప్యాకెట్‌లో గుప్పెడు గింజలు మిగిల్చి, బిల్లుతో కలిపి మడిచి ఇంట్లో పెట్టండి.

2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని కోర్టు చెప్పింది. విత్తనమంతా చేనులో వేసేసిన రైతును పరీక్షకు గింజలు తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడని కూడా కోర్టు ఒప్పుకుంది. అట్లాగని మనం ఖాళీ చేతులతో పోవాలని కాదు. ఏ లాట్ కొన్నామో చూపేది ఆ ప్యాకెట్, ఆ బిల్లే.

ఇక కొనడం. కొనేముందు నాలుగైదు చూసుకోవాలి.

మొట్టమొదట లాకు. జాతరల్లో దొరికే చాకుల్లో చాలా వాటికి లాకు ఉండదు, వెనక ఒక స్ప్రింగు మాత్రం ఆపుతుంది. మొనతో కొంచెం గట్టిగా పొడిచినా, గట్టి పైపులో ఇరుక్కుని లాగినా బ్లేడు మడతపడి వేళ్ల మీదికి వస్తుంది. చూపుడు వేలి కీలు దగ్గర నరం తెగితే మళ్లీ పిడికిలి సరిగా ముడవలేం. కూలికి పోయేవాళ్లకైతే ఆ వేలే అన్నం. రైతు బీమా ఉందికదా అనుకోవద్దు. 2018లో పెట్టిన ఆ పథకం 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు ఇచ్చేందుకు పెట్టింది. వేలు తెగితే రాదు. కౌలు రైతుకు, కూలికి అసలే లేదు. అందుకే లాకు ఉన్నది అడగండి. కొన్నిటికి పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డం నిలబడుతుంది. కొన్నిటికి వెనక నొక్కే మీట ఉంటుంది. దుకాణంలోనే తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, వీపు భాగాన్ని చెక్క బల్లకు ఆనించి నొక్కండి. జారితే తిరిగి ఇచ్చేయండి. అటూ ఇటూ ఊపి చూడండి, బ్లేడు కదిలితే అదీ వద్దు. ఇరుసు దగ్గర రివిట్ కంటే స్క్రూ ఉంటే మంచిది, వదులైతే మనమే బిగించుకుంటాం.

బ్లేడు పొడవు మూడంగుళాలు చాలు. అంతకంటే పెద్ద పని ఉంటే కొడవలి ఉంది, గొడ్డలి ఉంది. సినిమాల్లో చూసి రాంపూరి లాంటిది కావాలని కుర్రాళ్లు అడుగుతున్నారు. దానితో చేనులో చేసే పనేమీ లేదు. రంపపు పళ్లున్న బ్లేడు కూడా వద్దు. తాడు బాగా కోస్తుంది గానీ మన సానరాయి మీద దానికి పదును పెట్టలేం. పిడి మాత్రం నాలుగు వేళ్లూ నిండుగా పట్టేంత ఉండాలి. రంగు ఎరుపో నారింజో పసుపో చూసుకోండి. నల్లది, ఆకుపచ్చది చేనులో పడితే మళ్లీ దొరకదు. ఉన్నదే నల్లదైతే చివర రంధ్రానికి ఎర్ర గుడ్డ పేలిక కట్టండి.

ఉక్కు సంగతి కొంచెం వాదన ఉన్న విషయం. పాత పద్ధతి కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, మామూలు రాయి చాలు. కానీ తడి తగిలితే తుప్పు, నిమ్మ రసం తగిలితే నల్ల మచ్చలు. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఎక్కువ కాబట్టి అంత తొందరగా తుప్పు పట్టదు. పట్టదని కాదు. పొటాష్ ఒక రకం ఉప్పే, ఆ చేతులతో పట్టుకుని కడగకుండా జేబులో వేస్తే స్టెయిన్‌లెస్ మీద కూడా చుక్కలు వస్తాయి. మా కమిటీలో ఇద్దరు కార్బనే గొప్పంటారు. మెట్ట చేలవాళ్లకు అది సరే. వరి మడిలో రోజంతా తడిసే చేతికి స్టెయిన్‌లెసే నయమని మిగతా వాళ్ల మాట.

పట్నంలో చదివే పిల్లలు ఒపినెల్ అనే ఫ్రాన్స్ చాకు చూపిస్తున్నారు. అది మంచి చాకే. 1890లో సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అక్కడి రైతుల కోసమే మొదలుపెట్టాడు. చెక్క పిడి, మెడ దగ్గర తిప్పితే లాకయ్యే కడియం, ఆ కడియం 1955లో చేర్చారు. కానీ చెక్క తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, నాట్ల కాలంలో తెరవలేం. తడి తగలని తోటవాళ్లకు పనికొస్తుంది. దూరదేశపు పేరు చూసి ఎక్కువ డబ్బు పోయాల్సిన పని మాత్రం లేదు.

ఒక చేత్తో తెరిచే వీలుండాలి. దూడ మెడకు పలుపు బిగుసుకుంటే ఒక చెయ్యి దూడ మీదే ఉంటుంది. బ్లేడు మీద బొటనవేలితో నెట్టే చిన్న గుబ్బో రంధ్రమో ఉంటే చాలు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేది మాత్రం కొనొద్దు. జేబులోనే తెరుచుకునే ప్రమాదం ఒకటి. చట్టం రెండోది.

చట్టం కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే మనం ధర్నాలు చేసేవాళ్లం. 1959 ఆయుధాల చట్టంలో కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైన వస్తువులు ఆయుధాల కిందికి రావు. దాని నిబంధనల్లో కత్తుల గురించి రాసిన చోట 9 అంగుళాల కంటే పొడవు, 2 అంగుళాల కంటే వెడల్పు అనే కొలత ఉంది, అక్కడా వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. మన మూడంగుళాల చాకు వీటిలో దేనికీ రాదు. కానీ ఢిల్లీ సంగతి వేరు. అక్కడ 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. బటన్‌తోనో స్ప్రింగుతోనో తెరుచుకునే కత్తి బ్లేడు 7.62 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా మూడంగుళాలు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు ఉన్నా, అంతకు మించినా కేసే. అక్కడ బటన్ కత్తి కేసులు చాలానే నడిచాయి. రామ్‌లీలా మైదానానికి పోయే బస్సెక్కేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మన దగ్గర చట్టం ఒప్పుకున్నా పరిస్థితి ఒప్పుకోదు. ఒక ధర్నాలో పక్క ఊరి అన్న జేబులో చాకు దొరికింది. ఉల్లిగడ్డ కోసే చాకు, పదును కూడా లేదు. ఆయన్ను సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మన డిమాండ్ల గురించి అడగాల్సిన వాళ్లు మర్నాడంతా ఆ చాకు గురించే అడిగారు. అందుకే కలెక్టరేటుకు, కోర్టుకు, ఊరేగింపుకు, మెట్రో రైలుకు చాకు తీసుకుని రావొద్దు. బండి డబ్బాలో కూడా వద్దు, ఇంట్లో గూట్లో పెట్టి రండి. ఇది కమిటీ మాటగా తీసుకోండి.

వాడకంలో రెండు మూడు మాటలు. పురుగుమందు డబ్బా మూత కింది రేకు కోసిన చాకుతో మామిడికాయ కోయొద్దు. కడిగాం కదా అనొద్దు. పారాక్వాట్ లాంటి గడ్డిమందుకు విరుగుడే లేదు. మందుల పెట్టెలో ఒక పాత బ్లేడు దారంతో కట్టి పెట్టండి, ఆ పని దానిదే. నకిరేకల్ వైపు నిమ్మతోటల వాళ్లకు ఇంకోటి. గజ్జి తెగులున్న కొమ్మ కోసిన చాకుతో మంచి చెట్టు ముట్టుకోవద్దు, చెట్టు చెట్టుకూ స్పిరిట్ గుడ్డతో తుడవండి. అంటు కట్టే చాకు వేరు, దానికి ఒకవైపే పదును ఉంటుంది, దాన్ని జేబు పనులకు పాడు చేయొద్దు. మోటరు స్టార్టర్ దగ్గర చాకు తీయొద్దు. పాము కరిచిన చోట చాకుతో గాటు పెట్టి రక్తం తీయడమనేది ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. దాంతో విషం పోదు, గాయం పెరుగుతుంది. కదలకుండా కూర్చోబెట్టి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి, మందు అక్కడుంటుంది. చెయ్యి తెగితే, మన చేతులకు పెండ, మట్టి ఉంటాయి కాబట్టి సబ్బుతో కడిగి, అదే రోజు ధనుర్వాతం సూది వేయించుకోండి.

పదును లేని చాకు ఎక్కువ కోస్తుంది, వేళ్లను. బలం పెట్టి నొక్కుతాం కాబట్టి జారుతుంది. సైకిలు చక్రం మీద సాన పట్టించేటప్పుడు నిప్పురవ్వలు ఎగిరి అంచు నీలిరంగుకు తిరిగితే ఆ ఉక్కు మెత్తబడ్డట్టే. ఇంట్లో రాయి తడిపి, బ్లేడు వీపును నాలుగు రూపాయి బిళ్లలు పేర్చినంత ఎత్తులో పట్టి, అటు పదిసార్లు ఇటు పదిసార్లు నూరండి. పాత పేపరు కోసి చూడండి, బొటనవేలితో చూడొద్దు.

భోజనాల దగ్గర ఒక అక్క అడిగింది: "చీరకు జేబుంటదా? ఈ ముచ్చట మగోళ్లకేనా?" అని. పత్తి ఏరేది, విత్తనం పెట్టేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. కాయ చీల్చి చూడాల్సింది కూడా చేనులో ఎక్కువసేపు ఉండేవాళ్లే. పిడికి రంధ్రం ఉన్న చాకు తీసుకుని, దారం గుచ్చి నడుముకు కట్టుకోవచ్చు. మెడలో వేసుకోవద్దు, వంగినప్పుడు కొమ్మలకు తగులుకుంటుంది. చిన్న చేతికి పెద్ద పిడి జారుతుంది కాబట్టి, ఇంట్లో మగవాళ్లు కొనుక్కొచ్చినదాన్ని తీసుకోకుండా మీరే దుకాణానికి పోయి పట్టుకుని చూసి కొనండి.

సంఘం ఆఫీసులో గరుకుది ఒకటి, నున్ననిది ఒకటి సానరాళ్లు తెచ్చి పెట్టాం. వచ్చే నెల కమిటీ సమావేశానికి గంట ముందు వస్తే అందరం కూర్చుని నూరుకుందాం. పత్తి కాయలు కూడా ఇరవై తెంపుకుని రండి.