మన పేటకొక పరిశోధక మండలి

మూసారాంబాగ్ అన్న మాట మనం రోజుకు పదిసార్లు అంటాం. మెట్రో స్టేషనుకూ అదే పేరు. ఆ పేరు వెనక ఉన్నది ఒక ఫ్రెంచి సేనాని. నిజాం అలీఖాన్ కొలువులో పనిచేసి 1798లో కన్నుమూసిన రేమండ్‌ను హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి దగ్గర ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం నిలిచి ఉంది. ఒకప్పుడు ఏటా వర్ధంతికి అక్కడ ఉర్సు జరిగేది. ఎదుటి మండపం 2000ల తొలినాళ్లలో వానలకు కూలితే పురావస్తు శాఖ మళ్లీ కట్టించింది. మండపాన్ని శాఖ నిలబెట్టింది, పేరును రెండు శతాబ్దాలుగా నిలబెట్టింది మాత్రం ఈ పేట జనమే. అందుకే మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మనకు ముందు కావలసింది మ్యూజియం భవనం కాదు, చరిత్రను పట్టించుకునే మండలి అంటాను.

భవనం మనకు కొత్త కాదు. 1885లో నిజాం కాలపు ప్రభువు ఆస్మాన్ జా కట్టించిన ఆస్మాన్‌గఢ్ దేవిడీలోనే ఒకప్పుడు బిర్లా పురావస్తు ప్రదర్శనశాల ఉండేది. తర్వాత అది నౌబత్ పహాడ్‌కు వెళ్లిపోయింది. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ కదిలించలేని చరిత్ర మాటేమిటి? చైతన్యపురిలో, మూసీ పక్కన కోసగుండ్ల నరసింహస్వామి గుట్ట మీద ఒక బండరాయి ఉంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం సుమారు అయిదో శతాబ్దానిది. గోవిందరాజ విహారం అనే బౌద్ధారామాన్ని పేర్కొంటుంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలం నాటిదని పండితులు చెబుతారు. 1591 నాటి చార్మినార్ కన్నా వెయ్యేళ్లకు పైగా పాతది! ఆ అక్షరాలు పోవడానికి పెద్ద విపత్తేమీ అక్కర్లేదు, తెలియనివాళ్లు పూసే ఒక డబ్బా రంగు చాలు. ఆ రాయికి కాపలా చుట్టుపక్కల కాలనీవాళ్లే.

సాలార్‌జంగ్ మ్యూజియం మన నగరంలోనే ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. అక్కడ దేశదేశాల కళాఖండాలు ఉన్నాయి, మన వీధికి ఆ పేరెలా వచ్చిందో మాత్రం ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఇక్కడ చాలామందిమి నల్లగొండ, ఖమ్మం, పాలమూరుల నుంచి చదువులకో ఉద్యోగాలకో వచ్చినవాళ్లం, ఈ నేలతో మనకేం సంబంధం? రేమండ్ ఇంతకన్నా దూరం నుంచే వచ్చాడు, అయినా పేటకు పేరయ్యాడు. ఏ ఊరి నుంచి ఎవరు ఎప్పుడు వచ్చి ఏ కాలనీ కట్టుకున్నారన్నదీ చరిత్రే, దాన్ని ఏ శాఖా రాయదు.

డబ్బు లేదనే మాటకు హైదరాబాదులోనే జవాబుంది. 1920ల తొలినాళ్లలో పుట్టి, చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి ప్రభుత్వ శాఖ కాదు. ఆదిరాజు వీరభద్రరావు వంటి వారి శ్రమతో ఊరూరా శాసనాలు సేకరించి, 1935లో తెలంగాణ శాసనాల తొలి సంపుటం తెచ్చింది. వాళ్లు మొదలుపెట్టింది అద్దాల బీరువాలతో కాదు, నకళ్లతో.

మనమూ అలాగే మొదలుపెడదాం. మీ ఇంటి అటకమీద పాత లేఅవుట్ కాగితాలు, బడి ఫొటోలు, పెళ్లి శుభలేఖలు ఉంటే పాత పేపర్లవాడికి వేసే ముందు ఒక్కసారి చూపించండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగిస్తాం.