నెత్తురు విరేచనాలను తేలిగ్గా తీసుకోకండి



పిల్లవాడికి విరేచనంలో జిగట, నెత్తురు కనిపిస్తే మనవాళ్ళు "వేడి చేసింది" అని ఊరుకుంటారు. వేడి కాదండీ, అది పేగు గోడకు పడిన పుండు. దానికి ముఖ్య కారణం షిగెల్లా అనే సూక్ష్మజీవి. 1897లో జపాన్‌లో జిగట విరేచనాలు ప్రబలినప్పుడు కియోషి షిగా అనే శాస్త్రజ్ఞుడు దీన్ని కనుగొన్నాడు. ఆయన పేరే దానికి పెట్టారు.

కలరా క్రిమి పేగు గోడపైనే ఉండి విషం వదులుతుంది, లోపలికి జొరబడదు. షిగెల్లా అలా కాదు. పేగు గోడలో ఎం కణాలని కొన్ని కాపలా కణాలుంటాయి. ఈ క్రిమి వాటి గుండానే లోపలికి పోతుంది. అక్కడ తనను మింగిన రక్షక కణాన్నే చంపి బయటపడుతుంది. తర్వాత సూదివంటి గొట్టంతో తన ప్రోటీన్లను ఎక్కించి, గోడ కణాల్లోకి వెనకవైపు నుంచి దూరుతుంది. అక్కడ పెరిగి, ఒక కణం నుంచి పక్క కణంలోకి తోసుకుపోతుంది. గోడ పుండవుతుంది, నెత్తురు పడుతుంది.

పదో, వందో క్రిములు కడుపులోకి పోతే చాలు, జబ్బు రావడానికి. కడగని చెయ్యి ఒక్కటి చాలదూ?

కనుక మూడు మాటలు మనవి చేస్తాను. నెత్తురు పడితే మందుల షాపులో విరేచనాలు కట్టే బిళ్ళ కొని వేయకండి; క్రిమి లోపలే నిలిచిపోతుంది. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఓ.ఆర్.ఎస్. తాగిస్తూనే ఉండండి, పాలు, అన్నం మాన్పించకండి. దొడ్డికి వెళ్ళొచ్చాక, వంటకూ భోజనానికీ ముందు సబ్బుతో చేతులు కడగండి.

ఈ సభకు రాలేని ఇళ్ళకు ఈ మాటలు మీరే చేర్చాలి.