సెల్‌ఫోనుతో ఇళ్ళ సర్వే – మనం చేయగల సాయం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి గుమాస్తాలుగా ఉండగా జనాభా లెక్కల డ్యూటీ చేసినవాళ్ళమే. 1991 లెక్కలకు ముందు ఇళ్ళ జాబితా తయారుచేసిన వారిలో నేనూ ఒకణ్ణి. చేతిలో అట్ట, పెన్సిలు. వీధి పటం మనమే గీసుకోవాలి. నేల, గోడ, కప్పు దేనితో కట్టారో ఇంటింటికీ వెళ్ళి రాసుకోవాలి.

ఇప్పుడా అట్ట స్థానంలోకి సెల్‌ఫోను వచ్చింది. తెలంగాణలో 2024 డిసెంబరు 5న ముఖ్యమంత్రి ఇందిరమ్మ ఇళ్ళ యాప్‌ను ప్రారంభించారు. సర్వే సిబ్బంది దరఖాస్తుదారు ఇంటికి వెళ్ళి, ఫోటో తీసి, స్థలం, గోడ, కప్పు వివరాలు అందులో నింపారు. ఉపగ్రహాల సాయంతో ఆ ఇల్లున్న చోటు కూడా నమోదవుతుంది. సొంత స్థలమున్న పేదవానికి ఐదు లక్షల రూపాయల సాయం అందాలంటే ముందు ఈ వివరాలు సరిగ్గా ఎక్కాలి.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. ఆఫీసులో కూర్చుని జాబితా నింపడం కష్టం. ఒకే ఇంటిని రెండుసార్లు చూపితే పటం మీద తెలిసిపోతుంది. అయితే రెండు సంగతులు మనం గుర్తుంచుకోవాలి.

మొదటిది, కొలత. ఆరుబయట నిలబడినా మామూలు ఫోను చూపే చోటుకూ అసలు చోటుకూ నాలుగైదు మీటర్ల తేడా రావచ్చు. ఇరుకు సందుల్లో, ఎత్తయిన గోడల మధ్య ఇంకా ఎక్కువ. మన బస్తీల్లో ముప్ఫై గజాల ఇంటి వెడల్పే అంత ఉంటుంది. అంటే గుర్తు పక్కింటి మీద పడవచ్చు. కింద ఒక కుటుంబం, పైన ఒక కుటుంబం ఉంటే పటం మీద ఇద్దరిదీ ఒకటే చుక్క.

రెండవది, ఇంటి లోపలి స్థితి. మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటికి ముందు గోడకు సున్నం వేసి ఉంటుంది. ఫోటోలో చక్కగా కనిపిస్తుంది. వెనుక గదిలో స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. వాన వస్తే ఆవిడ మంచం వసారాలోకి జరుపుకుంటుంది. కప్పు గడిలో “స్లాబు” అని పడిందంటే ఆ ఇల్లు పక్కా ఇళ్ళ వరుసలో చేరిపోయే ప్రమాదముంది. 2001, 2011 జనాభా లెక్కల్లో ఇల్లు మంచిదా, నివాసయోగ్యమా, శిథిలమా అని వేరుగా అడిగారు. గోడ దేనిదన్న ప్రశ్న ఒక్కటే చాలదని దాన్నిబట్టే తెలుస్తోంది.

కనుక మన సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. సర్వే వారు మన వాడకు వచ్చిన రోజు ఇద్దరు సభ్యులు వెంట నడిచి, వెనుక వాటాలను, మేడ మీది గదులను చూపించాలి. చదువురాని వారికి ఫోనులో నింపిన వివరాలు “సబ్మిట్” నొక్కకముందే చదివి వినిపించమని మర్యాదగా కోరాలి. పొరపాటు పడితే అర్జీ రాసి, దాఖలు చేసి, రసీదు తీసుకునే పని మనం చేసిపెట్టాలి. ముప్ఫై ఏళ్ళు అర్జీలు చదివిన మనకంటే ఆ పని బాగా తెలిసినవారెవరు?

వచ్చే కుర్రవాళ్ళను తప్పుపట్టవద్దు. రోజుకిన్ని ఇళ్ళని వాళ్ళకూ లక్ష్యాలుంటాయి. ఒక్క నిమిషం లోపలికి వచ్చి కప్పు చూడమని అడుగుదాం. ఆసక్తి ఉన్నవారు కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వగోరుతాను.