గుఱ్ఱపు నడకలోని దోషములు
(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



గుఱ్ఱపుస్వారి మన బెంగళూరునకు క్రొత్త కాదు. ఈ నగరమునకు చెందిన ఫువాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడలలో రజత పతకమును గెలిచెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఆయన సీన్యోర్ మెడికాట్ అను గుఱ్ఱముపై డ్రెస్సేజ్ ఘట్టమున 28 దోషాంకములు మాత్రమే పొందెను. అనగా నూటికి 72 మార్కులు వచ్చినవన్నమాట. ఆ తగ్గిన 28 ఎట్లు తగ్గును? అదియే నేటి నా విషయము.

డ్రెస్సేజ్ అనగా రౌతు చేయు సూక్ష్మమైన సంజ్ఞలను గ్రహించి గుఱ్ఱము క్రమము తప్పక నడచుట. న్యాయనిర్ణేతలు ఒక్కొక్క విన్యాసమునకు సున్న మొదలు పది వఱకు మార్కులు వేయుదురు. మన పూర్వులును అశ్వగతులను శ్రద్ధతో పరిశీలించిరి. అమరకోశము ధౌరితకము, వల్గితము మొదలుగా ఐదు గతులను చెప్పినది. డ్రెస్సేజ్‌లో ముఖ్యమైనవి మూడు. వాక్ అను మెల్లని నడకలో నాలుగు డెక్కల చప్పుళ్లు వేఱువేఱుగా వినవలెను. ట్రాట్‌లో ముందటి కుడికాలితో వెనుకటి ఎడమకాలు, ముందటి ఎడమకాలితో వెనుకటి కుడికాలు జంటగా కదలును గనుక రెండు చప్పుళ్లు. క్యాంటర్‌లో మూడు. కన్నులు మూసికొని లెక్కించినను కొన్ని దోషములు తెలియును.

వాక్‌లో ఒకే ప్రక్క కాళ్లు జంటగా పడినచో గుఱ్ఱము బిగుసుకొని యున్నదని యనుమానింపవలెను. క్యాంటర్‌లో నాలుగు చప్పుళ్లు వినబడినచో వెనుకకాళ్ల చురుకు తగ్గినదనుట. రౌతు కళ్లెమును అతిగా బిగించుటయు అందుకు కారణము కావచ్చును. ముందటికాలు నొచ్చునపుడు, ఆ కాలు నేలపై పడగనే గుఱ్ఱము తల పైకెత్తును. బాగున్న కాలు పడగనే తల దించును. అట్టిదానిని అభ్యాసముచేత సరిచేయజూచుట క్రూరత్వము.

ఇక నా పొరపాటును చెప్పెదను. మా అమ్మాయి స్వారి నేర్చుకొనునపుడు ఆమె గుఱ్ఱము ఎడమకు తిరుగుమన్నచో తల విదిలించి మొరాయించుచుండెను. "దానికి పొగరు, కొరడా చూపుడు" అని కంచె బయటనుండి సలహా ఇచ్చినవాడను నేనే. "నాన్నగారూ, అది మొండిది కాదు; దానికేదో బాధగా నున్నది" అని అమ్మాయి కొరడాను అందుకొనలేదు. మఱునాడు పశువైద్యుడు దాని నోరు తెఱచి చూపెను. దవడపంటి అంచు వాడిదేఱి బుగ్గ లోపల పుండు చేసినది. కళ్లెము లాగినప్పుడెల్ల ఆ పుండు ఒరసికొనుచుండెను. పంటిని ఆకురాయితో అరగదీసి, పుండు మానువఱకు కళ్లెము వేయలేదు. పిమ్మట అది ఎడమకును చక్కగా తిరిగినది.

కావున దోషము కనబడినపుడు మొదట నోరు, వీపు, డెక్కలు, జీను చూడవలెను. తరువాత రౌతు కూర్చున్న తీరు చూడవలెను. రౌతు ఒక ప్రక్కకు ఒరిగినచో గుఱ్ఱమును వంకరగా నడచును. ఇవన్నియు సరిగా నున్నవని తేలిన పిమ్మటనే శిక్షణ మాట. కొరడాను గూర్చి నేను మరల సలహా ఈయలేదు.