పెంచిన పందెము



పందెము పెరిగిన క్షణమే బుద్ధికి పరీక్ష. ఋగ్వేదము 10వ మండలములోని అక్షసూక్తమున జూదరి, ఇక ఆడనని నిశ్చయించుకొనియు, పాచికల చప్పుడు వినగానే అటు పరుగిడును.

సభాపర్వమున ధర్మరాజు సర్వసంపదలను, తమ్ములను, తుదకు తన్నును ఓడెను. ద్రౌపది ఇంకను మిగిలియున్నదనియు, ఆమెను ఒడ్డి తన్ను తాను గెలుచుకొనవచ్చుననియు శకుని ఆశ చూపెను. ఆయన ఒడ్డెను, ఓడెను. తన్నోడినవానికి భార్యను ఒడ్డు అధికారము కలదా యని ద్రౌపది ప్రశ్నింపగా, భీష్ముడంతటివాడును తేల్చి చెప్పలేకపోయెను.

మేము మనవి చేయునది ఒక్కటే. నేటి పేకాటలోనైనను ఎదుటివాడు పందెము పెంచినపుడు, పోయినది రాబట్టుకొను ఆశతో చేయి చాపకుడు. పోయినది మనది కాదు. మిగిలినది ఆలుబిడ్డల అన్నము. దానిని ఒడ్డు అధికారము మనకు లేదు. పాచికలు విడిచి సేద్యము చేసికొమ్మని ఆ సూక్తమే బోధించుచున్నది.

స్వస్తి.