కొమాలా ఊరి గుసగుసలు

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో 1955లో ప్రకటించిన ‘పేద్రో పారమో’ చిన్న నవల. దానిని శ్రోతలకు నేడు పరిచయము చేయదలచితిమి.

అవసానమున తల్లికిచ్చిన మాట కొరకు హువాన్ ప్రెసియాదో, ఎన్నడును చూడని తండ్రిని వెదకుచు కొమాలా చేరును. తండ్రి ఏనాడో గతించెను. పలుకరించినవారును మృతులే. కథ సగము నడచుసరికి అతడును సమాధిలోనుండియే మాటలాడుచున్నాడని తెలిసి ఉలికిపడుదుము.

ఊరు ఏల చచ్చినది? అపరాధపరిశోధక నవలలో వలె ప్రశ్న ఇదే. హంతకుని పేరు మాత్రము అట్టమీదనే యున్నది! ప్రియురాలు సుసానా మరణించినపుడు మ్రోగిన గంటలకు జనము చేరి తిరునాళ్లు చేసికొనిరి. భూస్వామి పేద్రో చేతులు కట్టుకొని కూర్చుండెను; ఊరు ఆకలితో మాడెను. దయ్యములకన్న ఆ కట్టుకొన్న చేతులే మమ్ము భయపెట్టినవి.

1961లో మెక్సికో చేరిన గార్సియా మార్క్వెస్ దీనిని చదివి దాదాపు కంఠస్థము చేసెను. ఆయన ‘నూరేళ్ళ ఏకాంతము’ 1967లో వెలువడెను. కాలక్రమము తప్పిన ఈ కథ మొదటిమారు తికమక పెట్టును. రెండవమారు చదువుట మేలు. చిన్న గ్రంథమే గదా.